అరవై మూడో పేజీలో ఆరు లైన్లు

పదీ నలభైకి ఫోన్ మోగింది. నంబరు చూడగానే ఇన్‌స్పెక్టర్ ముందు మీసం సర్దుకుని, ఆ తర్వాత ఫోనెత్తాడు. అవతలివాళ్ళకి మీసం కనబడదని ఆయనకి తెలియక కాదు. ఎనిమిది నెలలుగా ఆ నంబరు నుంచి ఫోనొస్తే చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతోంది.

"నేనండీ, కామాని. ఒక్కసారి ప్రెస్సుకి రాగలరా? ఇప్పుడే."

"ఏమైంది?"

"ఫోన్లో చెప్పలేను. అరవై మూడో పేజీ." అంతే, పెట్టేసింది.

ఎదుటి బల్ల దగ్గర ఎస్సై ఫైల్లోంచి తలెత్తింది. సర్వీసు నాలుగేళ్ళే గాని ఆ అమ్మాయి నాలుకకి నలభై ఏళ్ళ సర్వీసుంది. "ఇవాళ శనివారం కాదుగా సార్," అంది.

శనివారం శనివారం వాంగ్మూలం పేరుతో ఇన్‌స్పెక్టర్ కామా ఇంటికి వెళ్ళి వస్తాడని స్టేషనంతా తెలుసు. ఎనిమిది నెలల పాటు వాంగ్మూలమిచ్చిన మనిషి లోకంలో మరొకరు ఉండరు. ఆయన టోపీ అందుకున్నాడు.

ఆమె అసలు పేరు ప్రెస్సులో సగం మందికి గుర్తులేదు. నవలలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఆమె ప్రూఫ్‌రీడర్. ఒక్క కామా తప్పినా పేజీ వెనక్కి పంపేస్తుంది కాబట్టి కామా అయిపోయింది. ఎనిమిది నెలల క్రితం ఒక సాయంత్రం ఆరూ ఐదుకి, పాత కాపీ కోసం కింద కాగితాల గోదాములోకి దిగింది. వెనక నుంచి ఎవడో తల మీద గుడ్డ కప్పి, ఇనప కడ్డీతో కొట్టి, కట్టలు కట్టే తాడు మెడకి బిగించాడు. ఆరూ ఇరవై ఐదుకి, అచ్చుకి వెళ్ళే పేజీలు కంప్యూటర్లో కట్టే మేస్త్రి కాగితం కోసం దిగి, ఆమెని చేతుల మీద మోసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. మణికట్టు విరిగింది. నలభై రోజులు గొంతు పెగల్లేదు. ఆ ఇరవై నిమిషాల్లో వచ్చి పోయినవాడు ఎవడో ఇప్పటికీ తేలలేదు.

పదకొండూ ఐదుకి ఇన్‌స్పెక్టర్, ఎస్సై ప్రెస్సు మెట్లెక్కారు. కింద కాగితం కోసే మిషన్ ధబ్, ధబ్ మంటోంది. గోదాముకీ ఆ మిషన్‌కీ మధ్య ఒక్క చెక్క గోడే అడ్డం. మేడ మీద ప్రూఫుల గదిలో కామా కిటికీ దగ్గర నిలబడి ఉంది. బల్ల మీద ప్రూఫు కట్ట. పైన నవల పేరు, కింద రచయిత పేరు. ఆ పేరు చూడగానే ఇన్‌స్పెక్టర్‌కి కడుపులో మంట మొదలైంది.

రచయితని ప్రెస్సులో అందరూ పన్నీరు అంటారు. పద్నాలుగు ప్రేమ నవలలు రాశాడు, అన్నింట్లోనూ పన్నీరు జల్లినట్టే ఉంటుందని ఆ పేరు. ఈ పదిహేనోది మాత్రం కామా అనుమతి తీసుకుని, కామా కథని పోలినట్టే రాశాడు. దాడికి గురైన టీచరు, మళ్ళీ మెల్లగా మనుషుల మధ్యకు రావడం, చెయ్యి పట్టుకుని నడిపించే ప్రేమికుడు. ప్రేమికుడు ఆరడుగులు ఉంటాడు. కేసు చూసే ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం పొట్ట, అదీ పేజీ పేజీకీ పెరుగుతూ పోతుంది. ఆ సంగతి ప్రెస్సువాళ్ళ నోట విని ఎస్సై ముందే చెప్పింది.

"ఇక్కడ చూడండి," అంది కామా.

పేజీలో పైన పాత లైన్లు రెండున్నాయి. టీచరు కింద పడిపోతుంది. 'ఆమె కళ్ళు మూతపడ్డాయి.' ఆ కింద ఆరు లైన్లు.

'అతను వెంటనే వెళ్ళిపోలేదు. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముసుగు గుడ్డ మీంచే ఆమె నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు, జ్వరం వచ్చిన పిల్లకి చూసినట్టు. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంది. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.'

పైన రెండు లైన్లలో ఎర్ర పెన్నుతో నాలుగు దిద్దుబాట్లున్నాయి. ఈ ఆరింటి మీద ఒక్క గీతా లేదు. చదివి చెయ్యి ఆగిపోయి ఉంటుందనుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆయన జేబులో పర్సుంది. పర్సులో నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీ ఉంది. ఆస్పత్రిలో పదకొండో రోజున, మాట రాని కామా ఎడమ చేత్తో వంకర టింకరగా రాసిచ్చింది: 'స్పృహ పోలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టాడు. జ్వరం చూసినట్టు.' ఫైల్లో ఉండాల్సిన కాగితం అది. నకలు ఫైల్లో పెట్టి, అసలుది పర్సులో పెట్టుకున్నాడు. ఆ మాట కామాకి, తనకి, ఎస్సైకి తప్ప నాలుగో మనిషికి తెలియకూడదని అప్పుడే అనుకున్నారు. తెలిసిన నాలుగోవాడు ఆ చేతి యజమాని.

"పన్నీరుకి మీరేమైనా..." అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెప్పలేదు. మా అమ్మకే చెప్పలేదు."

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ జవాబు వినగానే ఇన్‌స్పెక్టర్ గుండె ముందు సంతోషంతో ఎగిరింది, ఆ తర్వాతే భయపడింది. ఆమె రహస్యం ఆమె ఇంకొకడికి చెప్పుకోలేదు. పైగా ఆ ఇంకొకడు నేరస్థుడి కింద లెక్క. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

"మొదటి ప్రూఫులో ఈ లైన్లున్నాయా?" అని ఎస్సై అడిగింది.

"తెలీదు. మొదటి ప్రూఫు వచ్చినప్పుడు నేను చేతికి చికిత్స కోసం సెలవులో ఉన్నా. ఇంకొకాయన చదివాడు. ఇది రెండోది. దీంతో పాటు రాతప్రతి పైకి రాదు." ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. "ఇంకో సంగతి కూడా చెప్పాలి. నిన్న సాయంత్రం పెళ్ళికి ఒప్పుకున్నాను. వచ్చే నెల ఉద్యోగం మానేస్తున్నా. పొద్దున్నే మేస్త్రి బాబాయికి చెప్పా. తర్వాత మీకే."

ఎవరిని పెళ్ళి చేసుకుంటోందో ఆమె చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ అడగనూ లేదు. ఎస్సై మాత్రం కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టింది. కొన్నిసార్లు పైఅధికారి మొహం చూడకపోవడమే మర్యాద.

"పన్నెండింటికి వస్తానన్నాడు, నన్ను తీసుకెళ్ళడానికి," అంది కామా. "అతని మొహం ఎలా చూడను? ఎనిమిది నెలల్లో నేను భయపడకుండా నిద్రపోయింది ఈ రెండు నెలలే. అతనే అయితే... అతనే అయితే నేనింక ఎవర్ని నమ్మాలి?"

తలుపు దగ్గర దగ్గు వినబడింది. మేస్త్రి. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు దారంతో మెడకి వేలాడుతుంది. పక్క గదిలో కంప్యూటర్ ముందు పేజీలు కట్టి కట్టి వీపు కొంచెం వంగింది. దాడి జరిగిన దగ్గర్నుంచి రోజూ ఆమెని ఇంటి నుంచి తీసుకొచ్చి, సాయంత్రం దింపేది ఆయనే.

"మొహం అలా పీక్కుపోయిందేంటి తల్లీ? జ్వరమా?"

"కాదు బాబాయ్. తలనొప్పి."

మేస్త్రి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి నిట్టూర్చాడు. "ఈ పిల్ల ఈ ప్రెస్సు గడప దాటదామనుకుంటే చాలు సార్, ఏదో ఒకటి వచ్చి పడుతుంది. అప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చిందని చెప్పిన మర్నాడే అలా అయింది. ఇప్పుడు పెళ్ళంటోంది. దేవుడి దయ."

"ఈవిణ్ణి ఇంటికి నేను దింపుతా సార్," అంది ఎస్సై.

"నువ్వు గేటు దగ్గరుండి పన్నీరుని పట్టుకురా." ఇన్‌స్పెక్టర్ మేస్త్రి భుజం తట్టాడు. "మీరు తీసుకెళ్ళండి. ఒంటరిగా వదలొద్దు. ఆ రచయిత ఫోన్ చేసినా సరే, ఇవ్వొద్దు."

కేసు దృష్ట్యా అది మంచి జాగ్రత్తే. కాని ఇన్‌స్పెక్టర్ మనసులో ఉన్నది కేసు ఒక్కటే కాదు. పన్నెండింటికి వాడొస్తాడు, ఆమె వాడి కళ్ళల్లోకి చూస్తుంది, వాడు నాలుగు పన్నీటి మాటలు చెప్తాడు, ఈమె నమ్మేస్తుంది. ఆ సీను జరగకూడదు. పదకొండూ యాభైకి మేస్త్రి వెనక ఆమె మెట్లు దిగుతుంటే, చివరి మెట్టు మీద తిరిగి చూస్తుందేమోనని ఆయన నిలబడ్డాడు. ఆమె తిరగలేదు.

వెళ్ళేముందు గేటు దగ్గర సందర్శకుల పుస్తకం తీయించాడు. దాడి జరిగిన రోజు. పన్నీరు సంతకం, లోపలికి వచ్చిన టైము ఐదున్నర. బయటికి వెళ్ళిన టైము ఖాళీ. ఎనిమిది నెలల క్రితం ఈ పేజీ తానే చూశాడు. ఇలాంటి ఖాళీలు ఆ పేజీలోనే ఇంకో తొమ్మిదున్నాయని అప్పుడు వదిలేశాడు. ఇవాళ ఆ తొమ్మిదీ ఆయన కంటికి ఆనలేదు. కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది.

పన్నెండున్నరకి స్టేషన్లో చిన్న గదిలో పన్నీరుని కూర్చోబెట్టారు. ఆరడుగులు లేడు. అది చూసి ఇన్‌స్పెక్టర్‌కి కొంత ఊరట కలిగింది.

"ఆమె ఎక్కడ?" అన్నాడు పన్నీరు రాగానే. "ఫోన్ ఎత్తడం లేదు."

"ప్రశ్నలు నేనడుగుతా. ఎనిమిది నెలల క్రితం, ఆ సాయంత్రం, ప్రెస్సుకి ఎందుకొచ్చావ్?"

"నవల ఇవ్వడానికి. ఆవేళే ఆమెని మొదటిసారి చూశా."

"చూసి?"

"చూసి ఏముంటుంది? నా పాత నవల్లో నూటపన్నెండు తప్పులున్నాయని లెక్కపెట్టి మరీ చెప్పింది. సిగ్గేసి వెళ్ళిపోయా."

"ఎన్నింటికి?"

"ఆరింటికి. అటూ ఇటూ."

"అటా, ఇటా?"

"ఐదూ యాభై అనుకోండి."

"నువ్వు వెళ్ళడం చూసినవాళ్ళు?"

"ఎవరూ లేరు. గేటు దగ్గర మనిషి లేడు. అందుకే సంతకం కూడా పెట్టలేదు."

"బాగుంది. కథలు రాసేవాడివి కదా, అల్లడం బాగా వచ్చు."

పన్నీరు కుర్చీలో ముందుకి వంగాడు. "నన్నొక మాట అననివ్వండి. మీరు నన్ను పిలిపించింది కేసు కోసం కాదు. ఆమె నాకు చెప్పింది, శనివారాల సంగతి. జాలి పడి ఇన్నాళ్ళూ తలుపు తీసింది. మీరు దాన్ని ఇంకేదో అనుకున్నారు."

గది బయట ఎస్సై చేతిలో ఫైలు కిందపడిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. జాలి! ఎవరైనా చెంప మీద కొడితే తుడుచుకోవచ్చు. ఈ మాటని ఎక్కడ తుడుచుకోవాలి? ఆ క్షణం నుంచి ఆయనకి ఈ మనిషి దోషి అయితే చాలదు. ముందు బాగా చెమటలు పట్టాలి.

"అరవై మూడో పేజీ రాసింది నువ్వేనా?"

"నా పుస్తకంలో ప్రతి అక్షరం నాదే."

"ఇంకోసారి ఆలోచించుకో." ప్రూఫులోని ఆరు లైన్లూ ఆయన పైకి చదివాడు. మెల్లగా, ఒక్కో మాటా నొక్కి.

పన్నీరు మొహంలో రంగు మారింది. ఇన్‌స్పెక్టర్ ఆ మార్పు కళ్ళారా చూసి, పంట చేతికొచ్చిన రైతులా వెనక్కి వాలాడు.

"నీదేనా?"

పన్నీరు ఆయన కళ్ళు తప్పించి చెప్పాడు. "నాదే."

అప్పుడే ఆ చెయ్యి సంగతి ఎందుకు ముఖ్యమో చెప్పి ఉంటే ఒక దారి దొరికేది. చెప్పలేదు. గంటసేపు ఆ మనిషిని ప్రశ్నలతో తిప్పాడు. ఆ సాయంత్రం వేసుకున్న చొక్కా రంగేంటి? గోదాము మెట్లెన్ని? కడ్డీ ఎక్కడ పారేశావ్? పన్నీరు ఒకదానికి కోప్పడ్డాడు, ఒకదానికి నవ్వాడు, ఒకదానికి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. గడియారం ఒకటీ నలభై చూపించింది. ఎస్సై రెండుసార్లు తలుపు తీసి, "సార్, ఒక్క నిమిషం," అంది. రెండుసార్లూ చెయ్యి ఊపి పంపేశాడు.

మూడోసారి ఆమె అడక్కుండానే లోపలికి వచ్చింది. "సార్, మీకు కోపమొచ్చినా సరే. కామా గారికి నాలుగుసార్లు చేశా. ఎత్తడం లేదు."

"పడుకుని ఉంటుంది." అని, పన్నీరు వైపు తిరిగి, ఆఖరి అస్త్రం వదిలాడు. "చూడు. ఆ రోజు నుదుటి మీద చెయ్యి పెట్టిన సంగతి ఆమెకి తెలుసు, నాకు తెలుసు. పెట్టినవాడికి తెలుసు. నీకెలా తెలిసింది?"

పన్నీరు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది.

"నిజంగా? నిజంగా ఆమెకి అలా జరిగిందా?"

"నాటకాలొద్దు."

"అయ్యో, అవి నావి కావు! ఆ ఆరు లైన్లూ నేను రాయలేదు!"

"ఇందాక నీవేనన్నావ్."

"మీ ముందు కాదని ఎలా చెప్పను?" అని పన్నీరు అరిచాడు. "నా పుస్తకంలో ఇంకొకడు లైన్లు నింపుతాడని, ఇంకెవరి ముందైనా చెప్పేవాణ్ణేమో, మీ ముందు మాత్రం చెప్పలేకపోయా. మీరు నవ్వుతారనుకున్నా!"

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఎస్సై అప్పటికే పన్నీరు వెంట తెచ్చిన సంచీ తెరిచి రాతప్రతి నోటుపుస్తకం తీసింది. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. 'ఆమె కళ్ళు మూతపడ్డాయి.' కింద పన్నీరు అలవాటుగా గీసే చిన్న పువ్వు బొమ్మ, అధ్యాయం అయిపోయినట్టు గుర్తు. ఆ తర్వాత కొత్త అధ్యాయం.

"ఎందుకు నింపుతారు?" అని ఆమె అడిగింది.

"అది ఆ ప్రెస్సు నియమం. అధ్యాయం ఆఖరి పేజీలో ఎనిమిది లైన్లకి తక్కువ ఉండకూడదు. రెండే లైన్లుండి పేజీ ఖాళీగా కనిపిస్తే ఓనరు ఊరుకోడు. పేజీలు కట్టేటప్పుడు లైన్లు సాగదీస్తారని అందరికీ తెలుసు. సాగకపోతే కొత్తవి రాసి నింపుతారని నాకూ, ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. పద్నాలుగు నవలల్నించీ అంతే. కామాకి కూడా చెప్పలేదు, పరువు పోతుందని. అచ్చయ్యాక నేను చదవనైనా చదవను."

"ఎవరు రాస్తారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"ఇంకెవరు? పేజీలు కట్టే ఆయనే. మేస్త్రి."

ఒకటీ యాభై రెండు.

ఎర్ర పెన్ను గీత లేని ఆరు లైన్లు. రాతప్రతి చూసి ఇంకొకరు టైపు చేసినవైతే తప్పులుండేవి. తన మాటలు తనే టైపు కొట్టుకున్నవాడికి తప్పు పడదు. పేజీ నింపాలి, తొందరగా ఏదో ఒకటి రాయాలి, అప్పుడు మనసులో పైనున్నదే వేళ్ళలోకి దిగింది. ఆమెకి తెలుస్తుందన్న అనుమానం కూడా వాడికి లేదు. స్పృహ తప్పిందనుకున్నాడుగా! అప్పుడు ఉద్యోగానికి వెళ్తానన్న మర్నాడు. ఇప్పుడు పెళ్ళి చేసుకుని వెళ్తానని చెప్పిన పొద్దున్న. చేతుల మీద మోసుకుని ఆస్పత్రికి పరిగెత్తినవాణ్ణి ఎవరూ అనుమానించలేదు. అసలు ఆరూ ఇరవై ఐదుకి కిందికి దిగాడన్నది కూడా వాడి నోటి మాటే.

"కంచే చేను మేసింది సార్," అంది ఎస్సై. 'నేను దింపుతానన్నానుగా' అని ఆమె అనలేదు. అని ఉంటే బావుండేదని ఇన్‌స్పెక్టర్‌కి అనిపించింది.

ఒంటరిగా వదలొద్దని తనే చెప్పాడు. ఫోన్ ఇవ్వొద్దని తనే చెప్పాడు. ఆమె ఇంకొకడితో వెళ్ళిపోతుందన్న మంట భరించలేక, అదే మంటలో ఎనిమిది నెలల క్రితం కడ్డీ ఎత్తినవాడి చేతికి ఆమెని భుజం తట్టి మరీ అప్పజెప్పాడు. వాడికీ తనకీ తేడా ఎంతో కొలవడానికి అది టైము కాదు గాని, ఆ ఆలోచన ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

"జీపు తాళాలు," అని ఎస్సై వైపు చెయ్యి చాచాడు.

"నా కారు బయటే ఉంది. నేనూ వస్తా," అన్నాడు పన్నీరు.

"నువ్విక్కడే..."

"నన్ను ఆపాలంటే లోపలేసి తాళం పెట్టాలి. అంత టైముందా మీకు?"

లేదు. ముగ్గురూ వరండాలోకి పరిగెత్తారు. పరిగెత్తుతూనే ఇన్‌స్పెక్టర్ ఆమె నంబరు నొక్కాడు. ఈసారి చెయ్యి మీసం మీదికి పోలేదు. ఒకటి, రెండు, ఐదు, ఆరు రింగులు. ఏడో రింగుకి ఎవరో ఎత్తారు.

"చెప్పండి సార్." మేస్త్రి గొంతు. నింపాదిగా, నిద్రపోయే పిల్ల పక్కన మాట్లాడినట్టు చిన్నగా.

ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. ఫోన్ చెవికి కొంచెం దూరంగా పట్టుకుంటే పన్నీరు కూడా తల ఆనించాడు. పొద్దుట్నుంచి ఒకరి నీడ ఒకరికి గిట్టని ఇద్దరు మగవాళ్ళు ఒకే ఫోన్‌కి చెవులప్పగించి నిలబడ్డారు.

"ఆమె ఎలా ఉంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, గొంతు ఎంత మామూలుగా పెట్టగలడో అంత మామూలుగా. "ఇంట్లోనే ఉన్నారా?"

"ఇంట్లోనే సార్. ఎక్కడికెళ్తాం?"

ధబ్.

మేస్త్రి మాట వెనక, చెక్క గోడకి అవతల నుంచి వచ్చినట్టు. రెండు క్షణాలాగి మళ్ళీ, ధబ్. ఏ ఇంట్లోనూ కాగితం కోసే మిషన్ ఉండదు. ఎస్సై కూడా విన్నది. జీపు వైపు పరిగెత్తి ఇంజను స్టార్ట్ చేసింది. స్టేషన్ నుంచి ప్రెస్సుకి పన్నెండు నిమిషాలు.

"ఒకసారి ఆమెకివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లేపొద్దు సార్, పడుకోనివ్వండి. వెళ్తా వెళ్తానని పొద్దుట్నుంచి ఒకటే గొడవ, ఇప్పుడే సద్దుమణిగింది." మేస్త్రి గొంతులో నిజమైన జాలి ఉంది. "ఒళ్ళు కాలిపోతోంది పాపం. ఇప్పుడే నుదుటి మీద చెయ్యేసి చూశాను."